మార్షల్ రెట్టలో గసగసాలు

అక్టోబర్ 3

కొత్త నోటుబుక్కు మొదలు. రైల్వే వాళ్ళది, అట్ట మీద "వ్యాగన్ల లోపాలు" అని అచ్చేసి ఉంది. లోపాలు రాసుకోవడానికే కదా, వ్యాగన్‌వైతేనేం, ఊసరవెల్లివైతేనేం. పాతది మా ఊసరవెల్లి మార్షల్ నాలుగేళ్ళ రెట్టలతో నిండిపోయింది. దాన్ని పారేద్దామా అని యర్మిలా అడిగింది. పెళ్ళి ఆల్బమ్ పారేద్దామా అని నేను అడగలేదు, మర్యాద తెలిసినవాణ్ణి కాబట్టి.

మార్షల్: పొద్దున ఆరున్నరకి ఒకటి. ముదురు గోధుమ రంగు, గట్టిగా, ఆకారం చెడలేదు. తెల్ల భాగం సున్నమంత తెల్లగా ఉంది, కొసన మాత్రం నిమ్మపండు రంగు చుక్క. నీళ్ళు సరిపోతున్నాయి, నారింజ రంగైతే చాలనట్టు. కంపు లేదు.

టార్చి వేసి చూస్తుంటే యర్మిలా కాఫీ కప్పుతో వెనకాల నిలబడింది. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో తన మొహం వైపు ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశానా అంది. నీకు నోరుంది, ఏం బాధున్నా నువ్వే చెప్తావు, వాడు చెప్పలేడు కదా అన్నాను. ఆ జవాబు ఆవిడకి ఎందుకో నచ్చలేదు.

అక్టోబర్ 5

మొదటి గురువారం, మా ఊసరవెల్లుల క్లబ్బు. స్టేషన్ వెనక బీరు కొట్టు, లోపలి గది. మామూలే, బీరు కంటే ముందు బల్ల మీదికి రెట్టల డబ్బాలు వచ్చేశాయి. అగ్గిపెట్టెలు, ఆవముద్ద సీసాలు, ఒకాయన అయితే పెళ్ళాం చెవిపోగుల పెట్టెలో పెట్టుకొచ్చాడు. వడ్డించే ఆవిడ మా బల్ల చూసి ట్రే పట్టుకుని వెనక్కి తిరిగింది. పదిహేనేళ్ళుగా చూస్తోంది, ఇంకా అలవాటు పడలేదు.

అందరూ చూసేది నా వైపే. ప్షెరోవ్ ఊళ్ళో ఏ ఊసరవెల్లి ఏం విసర్జించినా ఆఖరి మాట నాది. మన వృత్తి అలాంటిది. ముప్పై రెండేళ్ళుగా యార్డులో సుత్తి పట్టుకుని రైలు చక్రాలు కొట్టుకుంటూ పోతున్నాను. పగులుంటే చక్రమే చెప్తుంది, మనం చెవొగ్గి వినాలంతే. రెట్టా అంతే, అడక్కుండానే అన్నీ చెప్తుంది.

మా అధ్యక్షుడు ఇంజనీర్ హ్లౌషెక్ ఈ మధ్య సూక్ష్మదర్శిని కొన్నాడు. కొన్నప్పట్నుంచీ కాళ్ళు నేల మీద ఆనట్లేదు. తన ఊసరవెల్లి రెట్టలో పురుగులు కనిపెట్టానని ఫొటోలు అందరికీ పంచాడు. చూశాను. పురుగులూ లేవు, పుట్రా లేదు. జత లేని మగవాటికి అప్పుడప్పుడు ఆ జిగురు ముద్ద అలా పడుతుంటుంది. "ఇంజనీరు గారూ, మీవాడికి కావల్సింది పురుగుల మందు కాదు, పెళ్ళి" అన్నాను. గది గదంతా నవ్వింది. హ్లౌషెక్ ఫొటోలు జేబులో పెట్టుకుని మెంతులు తిన్న మొహం పెట్టాడు.

అక్టోబర్ 9

మార్షల్: ఏమీ లేదు. మొన్న మిడత తిన్నాడు, రేపు రావచ్చు.

నా సంగతి: కొంచెం ఎరుపు. నిన్న ఆదివారం బీట్‌రూట్ సలాడ్ తిన్నాను.

అక్టోబర్ 10

మార్షల్: ఒకటి. భేషుగ్గా ఉంది.

బీట్‌రూట్ రంగు రెండు రోజులుంటుంది. ఎవరినైనా అడగండి.

అక్టోబర్ 14

ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతం కింద ఒక కవరు వేలాడుతోంది. లోపల చిన్న గొట్టం, దాని మూతకి ఒక పుల్ల. యాభై దాటిన వాళ్ళందరికీ డాక్టరు ఇచ్చేదే. ఇంట్లో నమూనా తీసి తెచ్చిస్తే కంటికి కనపడని నెత్తురు కూడా అందులో తెలుస్తుందట. యర్మిలా తనది సెప్టెంబర్‌లోనే ఇచ్చేసింది. బాగానే ఉందన్నారట. చాలా సంతోషం, ఆవిడకి అన్ని పరీక్షల్లోనూ మొదటి ర్యాంకే.

ఇంతకీ ఆ గొట్టం ఇవ్వాల్సింది ఎవరికి? మా డాక్టరు దగ్గర పనిచేసే నర్సు ఇవెతాకి. ఇవెతా ఉండేది ఎక్కడ? మా బిల్డింగు మూడో అంతస్తులో. మా లిఫ్టులో ఇద్దరు మనుషులు నిలబడితే ముక్కులు రాసుకుంటాయి. నా గొట్టం చూసిన మనిషితో రోజూ ఆ లిఫ్టులో వాతావరణం గురించి మాట్లాడాలి నేను. ఇవ్వకపోతే ఏదని అడుగుతుంది. అంతకంటే మెట్లెక్కడం నయం, ఇవాళ్టి నుంచి అదే.

పుల్ల మాత్రం బ్రహ్మాండంగా ఉంది. కొసన సన్నటి గాట్లు పెట్టారు. మార్షల్ నమూనా తీయడానికి వాడేశాను.

అక్టోబర్ 21

మార్షల్: ఒకటి. మిడత కాలు ఒకటి అరక్కుండా వచ్చింది. దీపం వేడి తగ్గిందేమోనని కొలిచాను. కొమ్మ మీద రెండు డిగ్రీలు తక్కువ. సర్దాను. చూశారా, ఒక్క కాలు ఎంత సమాచారం ఇచ్చిందో.

అక్టోబర్ 29

నిన్న బావమరిది ఊళ్ళో పందిని కోశారు. పొద్దున్నే ప్లమ్ సారా, మధ్యాహ్నం నెత్తురు సూపు, తర్వాత నెత్తురు సాసేజ్. నేను నాలుగు తిన్నాను.

ఇవాళ మళ్ళీ ఎరుపు. నెత్తురు సాసేజ్ తిన్నవాడికి నెత్తురు కాక పాలు కనిపిస్తాయా?

నవంబర్ 2

క్లబ్బు. టీకాల ఆఫీసులో పనిచేసే పొట్టాయన ఒక అగ్గిపెట్టె తెచ్చాడు. తెరిచాను. రెట్ట మీద సన్నటి ఎర్ర చార. ఎన్నాళ్ళుగా ఇలా ఉందని అడిగాను. నాలుగు రోజులట. తగ్గుతుందేమోనని చూశాడట.

నేను లేచి నిలబడ్డాను. గది అంతా వినేలా ఉతికి ఆరేశాను. ఎరుపు కనపడ్డాక ఒక్క రోజు ఆగినా తప్పే, నాలుగు రోజులు ఆగడమంటే ఆ మూగజీవాన్ని చంపుకోవడమే, రేపు పొద్దున్నే బ్ర్నోలో పశువుల లాబుకి పంపండి, అక్కడ డాక్టర్ రిషావా గారు నా పేరు చెప్తే ముందు చూస్తారు అన్నాను. పొట్టాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హ్లౌషెక్ కూడా తలూపాడు. పదిహేనేళ్ళలో అది మొదటిసారి.

బీరు సగంలో వదిలేసి వచ్చేశాను. కడుపులో బాగాలేదు. ఆ కొట్టులో పీపాలు సరిగా కడగరు.

నవంబర్ 6

ఎరుపు. బీట్‌రూట్ తినలేదు. వేరే ఏదో తిని ఉంటాను.

నవంబర్ 11

బెల్టుకి కొత్త కన్నం పెట్టాను. యర్మిలా గమనించింది. ఆవిడ బడి వంటగదిలో మూడు వందల మంది పిల్లలకి వండుతుంది, ఎవరు చిక్కారో ఎవరు బలిశారో గరిటెతో వడ్డిస్తూనే చెప్పగలదు. "బోహుష్, కవరు ఏం చేశావ్?" అంది. ఇచ్చేశాను అన్నాను. ఫలితం ఏమొచ్చింది అంటే ఇంకా రాలేదు అన్నాను. ఆవిడ నన్ను కాసేపు చూసింది. టార్చి ఒక్కటే తక్కువ.

పండగ కాబట్టి బాతు వండింది. షాజీరా దట్టంగా వేసి, ఎర్ర క్యాబేజీతో, ఉడికించిన పిండి ముద్దలతో. తర్వాత గసగసాల రొట్టెలు. ఎర్ర క్యాబేజీ రెండుసార్లు వడ్డించుకున్నాను. ముందుచూపు ఉండాలి కదా మనిషికి.

నవంబర్ 13

ఒక ఉపాయం తట్టింది. ఇంతకాలం తట్టనందుకు ఆశ్చర్యంగా ఉంది.

ప్రపంచంలో నేను నమ్మే డాక్టరు ఒక్కరే, రిషావా గారు. పన్నెండేళ్ళుగా మార్షల్‌వీ, మార్షల్ కంటే ముందున్నవాడివీ అన్నీ ఆవిడకే పంపాను. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. పైగా ఆవిడ మా లిఫ్టులో ఎక్కదు.

కాబట్టి చిన్న డబ్బాలో వేరుశనగ గింజంత తీశాను. ఎవరిదో ఇక్కడ రాయనక్కర్లేదు. కొసన తెల్ల భాగం ఉండాలి కదా, అది లేకపోతే ఊసరవెల్లిది అని ఎవరు నమ్ముతారు? మార్షల్ తినే కీచురాళ్ళకి అద్దే కాల్షియం పొడి చుక్క నీళ్ళతో కలిపి పేస్టు చేసి, టూత్‌పిక్‌తో అతికించి, చివర పసుపు రంగు రవ్వంత తగిలించాను. పక్కన మార్షల్‌ది పెట్టి చూసుకున్నాను. హ్లౌషెక్ తన సూక్ష్మదర్శినితో సహా మోసపోతాడు. చీటీ మీద రాశాను: "మార్షల్, మగ, నాలుగేళ్ళు. ఐదు వారాలుగా ఎరుపు. తిండి తగ్గింది, చిక్కాడు. దయచేసి త్వరగా."

పోస్టాఫీసులో ఆ చీటీ ఇంకోసారి చదువుకున్నాను. ఐదు వారాలు అని నేనే రాశాను.

నవంబర్ 16

పదకొండు గంటలకి యార్డులో ఉండగా రిషావా గారి ఫోను. పక్కనే సరుకు బండి నిలబడి ఉంది, నా చేతిలో సుత్తి. ఎప్పుడూ ఆవిడ కాగితమే పంపుతుంది, ఫోను చేయదు.

"వావ్రా గారూ, మీ మార్షల్ ఏం తింటాడు?"

కీచురాళ్ళు, మిడతలు, వారానికోసారి మైనపు పురుగు అన్నాను.

"గసగసాలు తింటాడా?"

సుత్తి వ్యాగన్ మెట్టు మీద పెట్టాను.

"షాజీరా కూడా ఉంది. క్యాబేజీ ఉంది, ఎర్రది. కొసన అంటించిన సున్నం మీద చుక్క వెనిగర్ వేస్తే పొంగింది. పనితనం బాగుంది, ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు." అవతల కాగితం తిప్పిన చప్పుడైంది. "నెత్తురు మాత్రం అంటించింది కాదు వావ్రా గారూ. అది క్యాబేజీ రంగూ కాదు, నేను చూశాను. నేను పశువుల డాక్టర్ని. ఇంతకంటే చెప్పకూడదు. మీవాడు మీ ఇంట్లో భోంచేస్తున్నాడు, కాబట్టి మీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. రేపే."

మరి మార్షల్ ఎలా ఉన్నాడని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"మార్షల్‌ది మీరు పంపలేదు కదండీ" అంది.

తర్వాత పద్నాలుగు వ్యాగన్లు కొట్టాను. ఏ చక్రం ఏం చెప్పిందో ఒక్కటీ వినపడలేదు. మళ్ళీ మొదటి నుంచి కొట్టాను.

సాయంత్రం యర్మిలా బడి నుంచి రాగానే చెప్పేశాను. పుల్ల సంగతి, డబ్బా సంగతి, కాల్షియం సంగతి, అన్నీ. నవ్వుతుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. "ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నీ బతుకు" అంది. తర్వాత లేచి మూడో అంతస్తుకి దిగి ఇంకో కవరు పట్టుకొచ్చింది.

నవంబర్ 17

గొట్టం ఇచ్చాను. ఇవెతా దాన్ని చూడను కూడా చూడలేదు, పైన నంబరు రాసి ట్రేలో పడేసింది. ఆ ట్రేలో ఇంకో పదకొండు గొట్టాలున్నాయి. నాది ప్రత్యేకంగా ఏమీ లేదు. ఇన్నాళ్ళూ నేను మెట్లెక్కింది ఇందుకు.

నవంబర్ 30

ఇవెతాకిచ్చిన దాంట్లో నెత్తురుందని తేలింది, అందుకని పెద్దాసుపత్రిలో పేగులోకి కెమెరా పెట్టి చూసే పరీక్ష. ముందు రోజు నాలుగు లీటర్ల మందు నీళ్ళు తాగించారు. దాని గురించి రాయను. రాయదలుచుకుంటే ఈ నోటుబుక్కు చాలదు.

లోపల గడ్డ ఉంది. తీసెయ్యాలి. కుర్రడాక్టరు బొమ్మ గీసి చూపించాడు. బొమ్మ బాగా గీస్తాడు. పేగు వంపు దగ్గర చుక్క పెట్టి "ఇక్కడ" అన్నాడు. ఎంత పాకిందో కోశాక గానీ తెలీదట.

డిసెంబర్ 7

మొదటి గురువారం. వెళ్ళలేదు.

డిసెంబర్ 12

రేపు ఆపరేషన్. సంచీ సర్దడం అయిపోయింది. ఇక్కడ వేళాకోళం పనికిరావట్లేదు, కాబట్టి ఉన్నది రాస్తాను.

నాకు భయంగా ఉంది. అక్టోబర్ నుంచీ భయంగానే ఉంది.

మా నాన్న పోస్ట్‌మాన్. సైకిల్ మీద పది ఊళ్ళు తిరిగేవాడు. ఎరుపు కనపడితే సైకిల్ సీటు ఒరుసుకుందనేవాడు. అమ్మ సీటు మీద గొర్రె తోలు కుట్టించింది. మూడేళ్ళు అదే సీటు, అదే మాట. యాభై ఎనిమిదికి పోయాడు. నాకిప్పుడు యాభై ఆరు. నాకు సైకిల్ లేదు, అందుకని బీట్‌రూట్ పట్టుకున్నాను.

మార్షల్: చూడలేదు. కీచురాళ్ళు ఎక్కడున్నాయో యర్మిలాకి చూపించాను. ఆవిడకి వాటిని చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. డబ్బా దూరంగా పట్టుకుని మరీ నేర్చుకుంది.

డిసెంబర్ 15

యర్మిలా రాస్తున్నాను.

పేజీ ఖాళీగా వదిలితే నువ్వు వచ్చాక గొడవ చేస్తావని రాస్తున్నా. మార్షల్: ఒకటి. బడిలో పప్పు సూపు రంగు. ఆకారం అంటే ఏంటో నాకు తెలీదు, ఉంది. తెల్లది మాత్రం తెల్లగా లేదు, నారింజ రంగులో ఉంది. నీ పుస్తకం వెనక్కి తిప్పితే అలా ఉంటే నీళ్ళు చాలట్లేదని రాసి ఉంది. పాపం నాలుగు రోజులుగా ఎవరం చల్లలేదు. ఆకుల మీద చల్లాను, చాలాసేపు తాగాడు. ఒక కన్ను నా మీద పెట్టాడు, ఒకటి నీ కుర్చీ మీద.

వెనక్కి తిప్పినప్పుడు మిగతాది కూడా చదివాను. అక్టోబర్ తొమ్మిది నుంచి.

బోహుష్, ఆ ఆదివారం నేను చేసింది క్యారెట్ సలాడ్.

డిసెంబర్ 22

ఇంటికొచ్చాను. ఇరవై సెంటీమీటర్ల పేగు తీసేశారు. అంచుల దాకా పాకలేదట, దగ్గర్లో ఉన్న గ్రంథులు శుభ్రంగా ఉన్నాయట. మూడు నెలలకోసారి రమ్మన్నారు. ఇంకో ఏడాది బీట్‌రూట్ మీద నెట్టుకొచ్చి ఉంటే ఈ మాట వేరేలా ఉండేదని డాక్టరు అనలేదు. బీట్‌రూట్ సంగతి ఆయనకి తెలీదు కాబట్టి.

స్నానాల తొట్టిలో, ఏటా లాగే క్రిస్మస్ విందుకి కొన్న చేప ఈదుతోంది. నేను వంగలేను కాబట్టి ఈసారి దాన్ని యర్మిలాయే కోయాలి. పై పేజీలో ఆవిడ రాసింది చదివాను. రెండుసార్లు చదివాను. లేచి వంటింట్లోకి వెళ్ళాను. బంగాళదుంపలు ఒలిచి పెట్టాను.

మార్షల్: ఒకటి. తెల్ల భాగం తెల్లగా ఉంది.

ఫిబ్రవరి 1

క్లబ్బు. వడ్డించే ఆవిడ నాకు అడక్కుండానే టీ తెచ్చింది. పొట్టాయన ఊసరవెల్లి బతికింది, ఆయన నన్ను కౌగిలించుకున్నాడు. గాయం దగ్గర చురుక్కుమంది, చెప్పలేదు. డబ్బాలు వరసగా పేర్చారు. చూస్తాను, కానీ ముందు ఒక్క మాట అని చెప్పి జేబులోంచి ఇవెతా ఇచ్చిన ఏడు కవర్లు తీసి బల్ల మీద పెట్టాను. యాభై దాటిన వాళ్ళకి తలా ఒకటి. తెచ్చివ్వని వాడి డబ్బా నేను తెరవను అన్నాను. గోల మొదలైంది. ఇదేమన్నా ఆరోగ్య శాఖా, ఇది ఊసరవెల్లుల క్లబ్బు అన్నారు. బ్ర్నో సంగతి చెప్పాల్సి వచ్చింది. గసగసాల దగ్గరకి వచ్చేసరికి గది గదంతా పడీ పడీ నవ్వింది. పదిహేనేళ్ళ గౌరవం ఐదు నిమిషాల్లో ఖర్చయిపోయింది.

హ్లౌషెక్ నవ్వలేదు. ఆయనకి అరవై ఒకటి. తన కవరు నా వైపు తోసేశాడు.

"నాకక్కర్లేదయ్యా వావ్రా. అప్పుడప్పుడు కొంచెం కనపడుతుంది, నిజమే. మొలలంతే. నేను సైకిల్ తొక్కుతాను కదా, సీటు."

ఆ మాట విన్నాక గదిలో ఇంకేం వినపడలేదు. ముప్పై రెండేళ్ళు చక్రాలు కొట్టిన చెవి నాది, పగులు శబ్దం ఎలా ఉంటుందో తెలుసు.

"మా నాన్న కూడా సీటే అన్నాడండీ" అన్నాను. "యాభై ఎనిమిది దాటలేదు."

హ్లౌషెక్ నన్ను చూశాడు, కవరు చూశాడు. తర్వాత దాన్ని తీసుకుని ఫొటోలు పెట్టుకునే జేబులోనే పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 5

పొద్దున ఏడున్నరకి హ్లౌషెక్‌తో కలిసి ఇవెతా దగ్గరికి వెళ్ళాను. ఆయన గొట్టాన్ని సిగార్ పెట్టెలో పెట్టి, రుమాలు చుట్టి తెచ్చాడు. ఇంజనీరు కదా. "ఎవరైనా చూస్తారేమోనయ్యా" అన్నాడు. ట్రే చూపించాను. ఆ రోజు పద్నాలుగున్నాయి.

మార్షల్: ఒకటి, భేషుగ్గా ఉంది.

ఫిబ్రవరి 19

హ్లౌషెక్‌కి పెద్దాసుపత్రిలో తేదీ ఇచ్చారు. సాయంత్రం ఫోను చేసి ఆ నాలుగు లీటర్లు ఎలా ఉంటాయని అడిగాడు. నిమ్మకాయ రుచి అని అబద్ధం చెప్పాను.

మార్చి 4

మార్షల్: ఒకటి. ముదురు గోధుమ రంగు, గట్టిగా ఉంది. తెల్ల భాగం తెల్లగా, కొసన నిమ్మపండు చుక్క.

నాది: ఎరుపు. నిన్న బీట్‌రూట్ సలాడ్. ఈసారి నిజంగానే బీట్‌రూట్, యర్మిలా దగ్గరుండి తురిమింది, తొక్కలు ఇంకా చెత్తబుట్టలో ఉన్నాయి, లేచి వెళ్ళి చూసొచ్చాను.

అయినా ఇవెతాకి గొట్టం ఇచ్చి, లిఫ్టులోనే పైకి వచ్చాను.